ఆయన మూడన్నారు

"గంట పడుతుందమ్మా, చుక్కలు వేశాక కంటిపాప పెద్దదవ్వాలి కదా, మీరిక్కడే కూర్చోండి" అని చెప్పి ఆకుపచ్చ కోటు పిల్ల మా ఆయన్ని చెయ్యి పట్టుకుని చీకటిగదిలోకి తీసుకుపోయింది. ఆయనా పట్టుకోనిచ్చారు, అదీ వింత. ముప్ఫై ఏళ్ళలో మెట్ల దగ్గరైనా బురదలోనైనా నేను పట్టుకుంటే విదిలించుకున్న చెయ్యి అది, ఎవరో పిల్ల పట్టుకోగానే బుద్ధిమంతుడిలా వెంట నడిచారు. సరే, గంట. గంటసేపు ఈ అంకెను నోట్లో పెట్టుకుని కూర్చోవాలి నేను. నలభై ఒకటి. పోయిన నెల ఆయన లెక్క మూడు, ఈ పొద్దుటి నా లెక్క నలభై ఒకటి. బయటికి రాగానే చెప్పనా, వ్యాన్ ఎక్కాక చెప్పనా, ఇంటికెళ్ళి తాపీగా కాళ్ళు కడుక్కున్నాక చెప్పనా. ఇక్కడ కుర్చీలన్నీ ఒకే ఇనుప కడ్డీకి బిగించారు, ఆ చివర ఎవరు కూర్చున్నా ఈ చివర నేను ఊగుతున్నాను. ఎదురుగోడ మీద అక్షరాల పటం, పైన గుమ్మడికాయంత అక్షరం, కింద చీమలంత అక్షరాలు. చీమలంతవి కూడా ఇక్కణ్ణుంచే చదివేస్తున్నాను. నా కళ్ళకేం, భేషుగ్గా ఉన్నాయి. చిక్కంతా అక్కడే వచ్చింది.

పొద్దున ఆయన గడ్డం గీసుకుంటుంటే తేనెటీగల పెట్టెల దగ్గర నీళ్ళ తొట్టి నింపుదామని వెళ్ళాను. ముప్ఫై ఆరు పెట్టెలు మావి, పెరటి చివర కంచె వెంబడి, తెల్ల రంగు వేసి నంబర్లు రాసి ఉంటాయి, ఆ నంబర్లు కూడా ఆయన చేతిరాతే, నన్ను రాయనివ్వలేదు. ఏడో పెట్టె ముందు గడ్డిలో ఒక ఈగ పాకుతోంది. తేనెటీగ పాకడమేమిటని వంగి చూస్తే రెక్కలు లేవు, అంటే ఉన్నాయి, నలిపి పారేసిన కాగితంలా ముడుచుకుపోయి ఉన్నాయి. దాని పక్కన ఇంకోటి. ఆ పక్కన పది. తలెత్తి చూస్తే కంచె పొడుగునా అన్ని పెట్టెల ముందూ అంతే. ఎగరాలని ఒళ్ళంతా వణికించి, ఎగరలేక, గడ్డిపోచ ఎక్కి, జారి పడి, మళ్ళీ ఎక్కుతున్నాయి. ఇరవై రెండేళ్ళు ఈగల మధ్య బతికినదాన్ని, నాకెవరూ చెప్పక్కర్లేదు. నల్లి. మైనపు మూత వేసిన గదిలో పిల్ల ఈగతోపాటు తానూ దూరి, దాని ఒంట్లోది తిని, అక్కడే పిల్లల్ని పెట్టి, పిల్ల ఈగ బయటికొచ్చేసరికి దాన్ని ఇలా అవిటిదాన్ని చేసి వదులుతుంది. పదకొండేళ్ళ తర్వాత మొదటిసారి నల్లుల లెక్క చూసే సీసా నా చేత్తో నేను తీసుకున్నాను.

పిల్ల ఈగలున్న చట్రం పైకి తీసి, రాణి ఈగ దాని మీద లేదని రెండువైపులా రెండేసి సార్లు చూసి, గిన్నెలోకి విదిలించి, అర గ్లాసు ఈగల్ని ముంచి తీసి స్పిరిట్ సీసాలో పోశాను. అర గ్లాసంటే మూడొందలు. పోసిన మరుక్షణం చప్పుడు ఆగిపోతుంది, అదొక్కటే నాకిప్పటికీ అలవాటు కాలేదు. మిగతా వేలన్నీ బతకాలంటే ఆ మూడొందలూ పోవాలి, ఆయన మొదటి రోజే చెప్పారు, అప్పట్లో ఆయన నాకు ఏదైనా ఓపిగ్గా చెప్పేవారు. నిమిషంసేపు సీసా ఊపితే ఈగల ఒంటికి పట్టుకున్న నల్లులు విడిపోతాయి, జల్లెడలోంచి తెల్ల పళ్ళెంలోకి దిగుతాయి. ఆవగింజలో సగం ఉంటాయి, ఎర్రగా, చదునుగా. తొమ్మిది దాకా ఫర్వాలేదు. తొమ్మిది దాటితే మందు పెట్టాల్సిందే. నేను వేలుపెట్టి లెక్కపెట్టలేదు, ఆయనలా ఒక్కోదాన్నీ పుల్లతో పక్కకి నెట్టనూ లేదు, చూస్తే చాలు, అవే కనబడ్డాయి. నలభై ఒకటి. పక్క పెట్టె కడిగితే ముప్ఫై ఎనిమిది. ఇంకో పెట్టె మూత తియ్యడానికి చెయ్యి రాలేదు.

ఇంట్లోంచి "ఇంకా ఎంతసేపు, బండి నేను తీస్తా రా" అని ఆయన కేక. బండి ఆయన తీస్తారట. ఆ బండి గేటుకు గీసుకుపోయే కదా పోయిన వారం కుడివైపు తలుపు సొట్టపోయింది, గేటే పక్కకి జరిగినట్టు గేటును తిట్టారు కూడా. లైసెన్సు ఆఫీసులో ఇలాంటి పటం ముందే నిలబెడితే రెండో వరస దగ్గరే ఆగిపోయారట, కళ్ళ డాక్టరు కాగితం తెస్తేగాని ఇవ్వం అన్నారు. ఆ మాట నాతో చెప్పారా, మా మరిదితో చెప్పారు, మరిది నాతో చెప్పాడు. ఈ ఇంట్లో నాకు కబుర్లన్నీ చుట్టు తిరిగే వస్తాయి. తాళంచెవి తీసుకుని నేనే స్టీరింగు ముందు కూర్చున్నాను. దారంతా నోరు విప్పలేదు. ఆయనా విప్పలేదు, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు, ఏం కనబడిందో ఆయనకే తెలియాలి.

నా పక్కన ఒక ముసలావిడ వచ్చి కూర్చుంది, ఒక కంటికి దూది, రెండో కంటితో నన్నే చూస్తోంది. "మీకా, మీ వారికా?" అంది. మా వారికి అన్నాను. "మగాళ్ళు చివరిదాకా చెప్పరమ్మా" అంది. నవ్వి ఊరుకున్నాను. ఆడవాళ్ళు చెబుతారా, ఈవిణ్ణి అడగాలి.

సున్నా. ఆ ముక్క లేకపోతే ఇదంతా ఎక్కడిది. పదకొండేళ్ళ కిందట ఆయన జ్వరంతో మంచం పట్టారు, ఆ నెల లెక్క నన్ను చూడమన్నారు. అప్పట్లో కొన్నాళ్ళు స్పిరిట్ మానేసి పంచదార పొడితో చూసేవాళ్ళం, ఈగలు చావవు కదా అని. సీసాలో ఈగల్ని వేసి పొడి చల్లి దొర్లిస్తే నల్లులు పట్టు తప్పి జల్లెడలోంచి రాలతాయి. వారం రోజులుగా ముసురు. డబ్బాలో పొడి చెమ్మ పట్టి ఉందని నాకు తట్టలేదు, వేళ్ళకి అంటుకుంటుంటే కొత్త డబ్బా కదా అనుకున్నాను. చెమ్మ పొడికి నల్లి రాలదు, ఈగ ఒంటికే అతుక్కుపోతుంది. పళ్ళెంలో ఒక్కటి లేదు. ఎంత సంబరంగా వచ్చి చెప్పానో. మంచం పక్కన కూర్చుని నుదురు మీద చెయ్యేసి, ఒక్కటీ లేదండీ, సున్నా, అన్నాను. ఆయన మందు పెట్టలేదు. చలి తిరిగేసరికి ఆరు పెట్టెలు ఖాళీ. తప్పు నాది, కాదన్నదెవరు, ఆరు రాత్రులు ఏడ్చాను. ఆయన ఆ రోజు ఒక్క మాట తిట్టి ఉంటే ఎంత బాగుండేది. తిట్టలేదు. తేనె రైతుల మీటింగులో లేచి నిలబడి, యాభైమంది ముందు, మా ఆవిడ లెక్కలో నల్లులు ఎప్పుడూ సున్నానే అండీ అన్నారు. హాలంతా నవ్వింది. ఆ రోజునుంచీ కంచె అవతల పదిహేను పెట్టెలు పెట్టుకున్న మా మరిదికి నేను సున్నా వదినని. సున్నా వదినా, టీ పెట్టావా. సున్నా వదినా, ఉప్పెంత వేశావు. ఈగల మందు అమ్మే దుకాణంలో కుర్రాడిక్కూడా తెలుసు. మావారు వద్దనలేదు సరికదా, ఒకసారి ఆయన నోటే వచ్చింది, పరాయివాళ్ళ ముందు. నేను మాత్రం ఈగలు రేగకుండా పొగడబ్బా పట్టుకుని ఆయన పక్కన నిలబడ్డాను, పదకొండేళ్ళు. ఆయన మూత తియ్యడం, నేను పొగ ఊదడం. ఆయన లెక్క చెప్పడం, నేను నోరు మూసుకోవడం.

నాకూ ఒకటి తెలుసు కదా, చెప్పానా ఎవరితోనైనా. అదే మీటింగు వాళ్ళు మరుసటేడు మా పెరట్లో స్పిరిట్ పద్ధతి చూపించమన్నారు. ఆయన జనాన్ని చూసి హుషారుగా మాట్లాడుతూ, రాణి ఉందో లేదో చూడకుండానే గిన్నెలో విదిలించి సీసాలో పోసేశారు. నేను పక్కనే ఉన్నాను, సీసాలో పొడుగ్గా తేలిన రాణి నాకే ముందు కనబడింది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. చట్రం నేనే అందించానండీ, రాణిని నేనే చూసుకోలేదు, అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఇంకేముంది, రాణిని ముంచిందీ సున్నా వదినే. ఆ రాత్రి ఆయన థాంక్స్ కూడా చెప్పలేదు, అన్నం ఇంకాస్త పెట్టమన్నారు. అది థాంక్సేమో అని కొన్నాళ్ళు అనుకున్నాను, పిచ్చిదాన్ని.

లోపల్నుంచి ఎవరో దగ్గారు, ఆయన దగ్గు కాదు. గోడ గడియారం ముల్లు ఇరవై నిమిషాలు తిరిగింది. సాయంత్రానికి ఇంటికి చేరితే నల్లిని చంపే యాసిడ్ పట్టీలు పెట్టొచ్చు, ఎండలో పెట్టకూడదు, ఆవిరి ఎక్కువైపోయి పిల్లలూ రాణీ కూడా పోతాయి, చల్లబడ్డాకే పెట్టాలి. పెట్టెకి రెండు, డెబ్బై రెండు పట్టీలు. పెడతాను, నేనే పెడతాను. కానీ నలభై ఒకటి దగ్గర పెట్టే మందు పాడెక్కినవాడి నోట్లో పోసే మందే. ఇప్పుడు పుట్టే ఈగలే చలికాలమంతా గూడును కాయాలి, అవేమో గడ్డిలో పాకుతున్నాయి. సగం దక్కితే గొప్ప. గూడు బలహీనపడిందంటే మా మరిది ఈగలు వాసన పట్టి తేనె దోచుకోవడానికి వస్తాయి, తేనెతోపాటు నల్లినీ మోసుకుపోతాయి. అతనివీ పోతాయి. పోనీ, సున్నా వదిన అంటాడుగా. ఛీ, ఏం మాట ఇది. ఈగలు నన్నేమన్నాయి.

ఎవరూ వినడం లేదు కాబట్టి ఇప్పుడైనా నాతో నేను నిజం చెప్పుకోవాలి. ఈ పొద్దున నాకేం కొత్తగా తెలియలేదు. రెండు నెలల కిందట, ఎండలు తగ్గుముఖం పట్టినప్పుడు, ఆయన పళ్ళెం మీద వంగి చాలాసేపు చూసి "రెండు" అన్నారు. నేను పైనుంచి చూస్తూనే ఉన్నాను, ఏడు. అంచు దగ్గర మూడు, మధ్యలో నాలుగు, ఆడపిల్ల నుదుటి బొట్టంత స్పష్టంగా ఉన్నాయి. నోరు తెరిచాను కూడా. కంచె అవతల్నుంచి మరిది "వదిన్ని అడుగు అన్నయ్యా, రెండు కూడా లేవంటుంది" అన్నాడు. ఈయన నవ్వారు. నోరు మూసుకున్నాను. ఏడే కదా, తొమ్మిది లోపే కదా, మించిపోయిందేముంది అని సర్దిచెప్పుకున్నాను. పోయిన నెల మళ్ళీ పళ్ళెం, మళ్ళీ అంతసేపు వంగడం. ఈసారి పుల్లతో ఖాళీ చోట నెడుతున్నారు, నల్లి ఇక్కడుంటే పుల్ల అక్కడుంది. అప్పుడు తెలిసింది నాకు, ఈయనకి కనబడటం లేదని. "మూడు" అన్నారు. అని తలెత్తి నా మొహంలోకి చూశారు. ఏం, కాదంటావా, అన్నట్టే ఉంది ఆ చూపు. ఒళ్ళు మండిపోయింది. అక్కడ పంతొమ్మిది ఉన్నాయి. పంతొమ్మిదీ నేను మనసులో రెండుసార్లు లెక్కపెట్టాను, తప్పు పోకూడదని. నేను ఆ చూపుకి చూపు కలిపి, ఏమీ అనకుండా, పక్కకి తిరిగి పొగ ఊదాను. ఆ రోజు వంట చేస్తుంటే కూనిరాగం వచ్చింది నాకు. అదీ సంగతి. పెట్టెలన్నీ పోవాలని కోరుకున్నానా అంటే లేదు, ఒట్టు. ఆయన లెక్క తప్పాలని కోరుకున్నాను. యాభైమంది ముందు తప్పాలని. ఆ రెండూ ఒకటేనని తెలియనంత చిన్నపిల్లనా నేను. తెలుసు. తెలిసే నెల రోజులు పొద్దున్నే నీళ్ళ తొట్టి నింపాను, పెట్టెల వంక సరిగ్గా చూడకుండా.

కాబట్టి ఏం చెప్పాలో కుదిరింది. పోయిన నెల ఊసెత్తకూడదు. ఇవాళ పొద్దున ఈగలు పాకుతుంటే అనుమానమొచ్చి కడిగాను, నలభై ఒకటి ఉన్నాయి, మీరేమో మూడన్నారు, అనాలి. అంతే. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. గొంతు పెంచకూడదు, నెమ్మదిగా అనాలి, ఆయన ఆ హాల్లో ఎంత నెమ్మదిగా అన్నారో అంత నెమ్మదిగా. మరిది ఉన్నప్పుడే అంటే ఇంకా బాగుంటుంది. అప్పుడు ఆయన ఏమంటారు. స్పిరిట్ తప్పంటారు, జల్లెడ తప్పంటారు, చివరికి కళ్ళు తప్పని ఒప్పుకుంటారు. ఒప్పుకోవాలి, డాక్టరు కాగితం ఉంటుంది కదా చేతిలో. పదకొండేళ్ళకి ఒక్కరోజు. ముసలావిడ్ని లోపలికి పిలిచారు, లేచి వెళ్ళింది, వెళ్తూ నా భుజం తట్టింది, ఏదో నేను బాధలో ఉన్నట్టు. నేను బాధలో ఉన్నానా. ఆకలేస్తోంది, అంతే.

తలుపు తెరుచుకుంది. నల్లటి అట్ట కళ్ళద్దాలు పెట్టి ఆయన్ని తీసుకొచ్చింది ఆ పిల్ల. "అరగంట ఎండలోకి తీసుకెళ్ళొద్దమ్మా" అని నా పక్కన కూర్చోబెట్టి పోయింది. చెంపల మీద మందు కారి చారలు కట్టింది. ఎప్పుడూ లేనిది, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"శుక్లాలట, రెండు కళ్ళకీ" అన్నారు. "తీసేస్తే మళ్ళీ బాగానే కనబడుతుందన్నాడు."

"మంచిదే కదా" అన్నాను. తర్వాతి మాట నాలిక మీదే ఉంది.

"ఎన్నాళ్ళనుంచీ ఇలా ఉందని అడిగాడు. ఎండల ముందునుంచే అన్నాను. మీది కంటితో చేసే పని కదా, ఎలా నెట్టుకొచ్చారన్నాడు." కాస్త నవ్వారు. "మా ఆవిడ ఉందిగా అన్నాను."

ఆయన తల వంచుకుని, నాకు కాక తన చేతులకి చెబుతున్నట్టు, నెమ్మదిగా చెప్పుకుపోయారు.

"పళ్ళెంలో నాకేం కనబడి చచ్చింది. అంతా మసక. నోటికొచ్చిన అంకె ఒకటి చెప్పి నీ మొహం చూసేవాణ్ణి. నువ్వు కిమ్మనకపోతే సరే, దగ్గర్లోనే ఉందిలే అనుకునేవాణ్ణి. నా సంగతి నీకు తెలిసిపోయిందని అప్పుడే అర్థమైంది. తమ్ముడు ఉన్నాడని పైకి అనలేదు నువ్వు. అనకుండా ఊరుకున్నావు చూడు, అది నేను మర్చిపోను. మరీ ఎక్కువుంటే ఎలాగూ చెప్పేదానివేగా."

పదకొండేళ్ళుగా ఈ మనిషి నోటినుంచి నా గురించి ఒక మంచి మాట రావాలని చూశాను. వచ్చింది. ఇంతకన్నా చెంపదెబ్బ నయం. లేచి బయటికి పోదామనిపించింది, కానీ ఆయన్ని వదిలేసి ఎక్కడికి పోను, దారి కనబడదు ఆయనకి. కుదుర్చుకున్న వాక్యం కోసం వెతికితే అందులో అంకె ఒక్కటే మిగిలింది.

"నలభై ఒకటి" అన్నాను.

"ఏమిటి?"

"పొద్దున నేను కడిగాను. ఏడో పెట్టె. నలభై ఒకటి ఉన్నాయి. ఈగలు కింద పాకుతున్నాయి, అన్ని పెట్టెల ముందూ."

అద్దాలు తియ్యబోయి ఆగారు. నా వైపు తిరిగారు గానీ ఆయన చూపు నా మొహానికి జానెడు పక్కన ఎక్కడో ఆగింది. తిడతారనుకున్నాను. ఇక్కడితో ఆపేయొచ్చు, ఇవాళే చూశాను అనొచ్చు, నమ్ముతారు, ఇందాక అన్న ఆ మాటల తర్వాత నేనేం చెప్పినా నమ్ముతారు.

"పోయిన నెల ఎన్ని?" అన్నారు.

నువ్వు చూశావా అని అడగలేదు. ఎన్ని అని అడిగారు. నేను చూసి ఉంటానన్నదాంట్లో ఆయనకి అనుమానమే లేదు.

"పంతొమ్మిది" అన్నాను.

"అంతకుముందు?"

"ఏడు."

వేళ్ళు మడుస్తూ ఏదో లెక్క చూసుకుంటున్నారు, ఏడునుంచి పంతొమ్మిదికి ఎన్ని రోజులు, పంతొమ్మిదినుంచి ఇక్కడికి ఎన్ని రోజులు, ఆ లెక్క నేను వ్యాన్లో వస్తూ చూసుకున్నదే. ఎవరో వచ్చి పేరు పిలిచారు, మాది కాదు.

"పంతొమ్మిది దగ్గర చెప్పినా బతికేవి" అన్నారు ఆయన.